ఎనిమిది గడుల అర్జీ

పోయిన ఫిబ్రవరిలో ఒక మంగళవారం నాడు, పొద్దున పదకొండుంబావు నుంచి మధ్యాహ్నం ఒంటిగంటకు పది నిమిషాల ముందు వరకు, ఉమైమా అనే పరిశోధక విద్యార్థిని మా బాత్రూంలో ఉండిపోయింది. గడియ పాడవలేదు. తలుపు బిగుసుకోలేదు. ఆమె ఒంట్లోనూ బాగానే ఉంది. బయట మా వాకిట్లో కాలనీ సంఘం మీటింగు జరుగుతోంది, అంతే.

మా బాత్రూం వాకిట్లో ఓ మూలకు ఉంటుంది. దాని తలుపుకు సరిగ్గా ఎదురుగా, నీడ బాగుంటుందని, మా ఆయన మహేందర్ ఐదు కుర్చీలు వేశాడు. సంఘానికి ఆయన కార్యదర్శి. కాలనీ మొదట్లో కట్టిన కమాను మీద ఎవరి పేరు పైన రాయాలి, ఎవరి పేరు కింద రాయాలి అన్నది ఆనాటి చర్చ. వయసును బట్టి రాయాలని ఇద్దరు, పదవిని బట్టి రాయాలని ఇద్దరు. ఐదో కుర్చీలో బోర్డులు రాసే ఆర్టిస్టు అమీనుద్దీన్, చేతిలో కొలిచే టేపుతో, వాళ్లు తేల్చేదాకా చాయ్ తాగుతూ కూర్చున్నాడు.

అమీనుద్దీన్ ఉమైమా తండ్రి.

వంటింట్లో పప్పు ఎసరు చూస్తున్న నాకు వెనక సందులోంచి “ఆంటీ, ఆంటీ” అని సన్నగా వినబడింది. పోయి చూస్తే బాత్రూం వెంటిలేటర్ అద్దాల మధ్య నుంచి రెండు కళ్లు.

“ఏందమ్మా, నువ్వింకా గీడనే ఉన్నవా?”

“అబ్బా కూసున్నడు ఆంటీ.”

“కూసుంటె ఏమాయె? బయటికి రా. నీ తండ్రే గదా, పులి గాదు గదా.”

“తండ్రి కాబట్టే ఆంటీ. పులైతే ఎప్పుడో వస్తుంటి.”

విషయం ఏమిటంటే, మా ఇంటికి ఎదురుగా ఉన్న పఠన మందిరంలో అన్ని వసతులూ ఉన్నాయని ఆమె ఇంట్లో చెప్పింది. అన్నీ ఉన్నాయి కూడా. బల్లలు, ఫ్యాన్లు, పేపర్లు, గోడ గడియారం. ఆడపిల్లలు పోవడానికి బాత్రూం ఒక్కటే లేదు. అదొక ఎరువుల గోదాము ఒకప్పుడు. బాగుచేసి తెరిచిన కొత్తలో రోజూ వచ్చేది నలుగురు రిటైరైన పెద్దమనుషులు. వాళ్లకు సరిపోయేట్టు వెనక ఒక అడ్డుగోడ కట్టారు, పైన కప్పు లేదు, ముందు తలుపు లేదు. ఆ తర్వాత ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయింది. కోహెడ నుంచి, కుకునూరుపల్లి నుంచి పొద్దుటి బస్సులకు ఆడపిల్లలు దిగడం మొదలుపెట్టారు. పోలీసు ఉద్యోగానికి చదివేవాళ్లు, టీచరు పరీక్షకు చదివేవాళ్లు, మొత్తం ఇరవై ఇద్దరు. తొమ్మిదింటికి లోపలికి పోతే సాయంత్రం ఐదున్నరకు బయటికి. మధ్యలో మా ఇల్లు.

రెండేళ్లుగా పదకొండింటి తర్వాత మా బాత్రూంలో మాకే వంతు రాదు. మహేందర్‌కు ఇనుప సామాన్ల దుకాణం ఉంది. ఇదివరకు పన్నెండింటికి పోయి తెరిచేవాడు. ఇప్పుడు తొమ్మిదిన్నరకే పోతున్నాడు. వ్యాపారం మీద శ్రద్ధ పెరిగిందని మా మామగారు అందరికీ చెప్పుకుంటారు.

నేను సందులో బకెట్ బోర్లించుకుని కూర్చున్నాను. అమ్మాయిని ఒక్కదాన్నే వదిలి పోబుద్ధి కాలేదు. అలా వెంటిలేటర్ ఇవతల నేను, అవతల ఆమె, దాదాపు గంటసేపు మాట్లాడుకున్నాం. ఒక మనిషి జీవిత చరిత్ర తెలుసుకోవడానికి ఇంతకన్నా తీరికైన చోటు నాకు మళ్లీ దొరకలేదు.

ఉమైమాకు ఇరవై ఆరేళ్లు. పాత బస్టాండు దగ్గర తండ్రి దుకాణంలో రంగు డబ్బాల మధ్య పెరిగింది. అమీనుద్దీన్ తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు నాలుగూ ముత్యాల్లా రాస్తాడు. చదవడం మాత్రం ఉర్దూ ఒక్కటే నిండుగా వచ్చు. ఇంగ్లీషు అక్షరాన్ని ఆయన పక్షిని గీసినట్టు గీస్తాడు. అందుకని ఆరేళ్ల వయసులో ఉమైమాకు మొదటి ఉద్యోగం దొరికింది, తండ్రి రాసిన బోర్డును ఎండకముందే చదివి తప్పులు చెప్పడం. ఐదు వరకు ఉర్దూ బడి, ఆరు నుంచి తెలుగు బడి, డిగ్రీ హైదరాబాదులో ఇంగ్లీషులో. అక్కడ యూనివర్సిటీలో ఆడపిల్లల హాస్టలు గేటు సాయంత్రం ఏడింటికే మూస్తున్నారని ధర్నా జరిగితే ప్లకార్డులన్నీ ఆమే రాసింది, నినాదాలు కూడా ఆమే ఇచ్చింది.

“నాలుగు భాషలల్ల ఇచ్చిన ఆంటీ. గేటు తొమ్మిది దాక తెరిసిపెట్టిన్రు.”

“మరి గిప్పుడు ఒక్క భాషల అబ్బాకు చెప్పరాదా, నేను బాత్రూంల ఉన్న అని?”

“ఆ మాటకు నాలుగు భాషలల్ల కూడ నాకు నోరు లేవదు ఆంటీ” అంది.

ఆ తర్వాత స్కాలర్‌షిప్ వచ్చి ఇండోనేషియా పోయింది, జోగ్జకర్తా అనే ఊరికి, పది నెలలు. అక్కడ నెత్తికి స్కార్ఫు కట్టుకున్న ఆడవాళ్లు స్కూటరు మీద గ్యాసు బుడ్డి పెట్టుకుని పోతారట. రామాయణం ఆడేవాళ్లు నమాజు చదివి వచ్చి ముఖానికి రంగు వేసుకుంటారట.

“మరి సీత ఎవలు?” అన్నాను.

“నేనున్నప్పుడు సీత పేరు నూర్ ఆంటీ. మంచిగ ఏడుస్తుండె.”

ఆ ఊళ్లో ఒక ముసలాయన పొడుగాటి బొమ్మల చుట్టను కొంచెం కొంచెం విప్పుతూ కథ చెప్పాడట. వీళ్లంతా నోరు తెరుచుకుని వింటుంటే, ఒక జపాన్ పిల్ల ఉమైమా వైపు తిరిగి, మీ దగ్గర కూడా ఇలాంటివే ఉన్నాయి కదా, ఎర్రరంగు మీద బొమ్మలు, చేర్యాల అని ఊరు, నువ్వు చూశావా అని అడిగిందట. మా సిద్దిపేట నుంచి చేర్యాలకు బస్సులో గంట. ఉమైమా ఎన్నడూ పోలేదు. చూశానని అబద్ధం చెప్పింది. ఆ అబద్ధాన్ని నిజం చేయడానికే పీహెచ్‌డీలో చేరింది. అక్కడి పటం కథ, మన పటం కథ, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటం ఆమె పరిశోధన. చేర్యాలలో మూడు నెలలుండి బొమ్మ వేయడం కూడా నేర్చుకుంది. ఇక రాయడమే మిగిలింది. హైదరాబాదులో హాస్టలు గడువు అయిపోతే, రెండు నెలల్లో రాసేసి పోదామని ఇంటికొచ్చింది. ఇల్లు రెండు గదులు. ఒక గదిలో తల్లి బద్రున్నీసా కుట్టు మిషను తెల్లారిన దగ్గర్నుంచి ఆగదు. రెండో గదిలో అమీనుద్దీన్ నంబరు ప్లేట్లు ఆరుతుంటాయి. అందుకే పఠన మందిరం.

“గిట్ల మీ ఇంటికి వచ్చుడు అమ్మికి తెలిస్తె ‘మిషన్ జరుపుత, ఇంట్ల కూసొని రాసుకో’ అంటది. గా మిషన్ పక్కన కూసుంటె నేను ఏం రాస్త ఆంటీ? జాకెట్ల కొలతలు రాస్త.”

అంతలో ఆమె కాగితం ఉంటే ఇవ్వమంది. మా దుకాణం పాత క్యాలెండరులో ఆగస్టు నెల చింపి, పెన్నుతో పాటు అద్దాల మధ్య నుంచి లోపలికి పంపాను. ఇంకో అరగంట చప్పుడు లేదు.

వాకిట్లో కమాను పేర్లు తేలలేదు. అమీనుద్దీన్ మూడో చాయ్ కూడా తాగేశాడు. మూడు చాయ్‌లు తాగిన మనిషి ఏం అడుగుతాడో అదే అడిగాడు. మహేందర్ చేయి చాపి దారి చూపించాడు. అమీనుద్దీన్ పోయి తలుపు నెట్టాడు.

“అబ్బా, దో మినిట్” అంది లోపలి గొంతు.

అమీనుద్దీన్ ఆ రెండు నిమిషాలూ అక్కడే, ఆకాశంలో ఏదో బోర్డు చదువుతున్నట్టు పైకి చూస్తూ నిలబడ్డాడు. ఉమైమా ఆగస్టు నెలను చుట్ట చుట్టి చేతిలో పట్టుకుని వచ్చింది. నలుగురు పెద్దలకూ వరసగా సలాం చెప్పి, గేటు దాటి పోయింది. అమీనుద్దీన్ లోపలికి పోలేదు. తిరిగొచ్చి కుర్చీలో కూర్చుని, “వయసును బట్టే రాద్దాం సాబ్” అన్నాడు. కమాను మీద ఇవాళ్టికీ పేర్లు వయసును బట్టే ఉన్నాయి.

మర్నాడు పొద్దున ఆయన మా గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

“బహెన్, మా పిల్ల రోజు గీడికే వస్తదా?”

“మీ పిల్ల ఒక్కతేనా భాయ్? ఇరవై ఇద్దరు వస్తరు.”

ఆయన ఎదురుగా పఠన మందిరం వైపు చూశాడు. “నాకు చెప్పకపాయె.”

“చెప్తె ఇంట్ల కూసోమంటరని భయం.”

“నేనంటనా? అది బద్రున్నీసా అంటది.” మళ్లీ తనే, “నేను సుత అంటుంటిగావచ్చు” అన్నాడు. చంకలో ఉన్న తెల్ల బట్ట చుట్టను నా చేతికిచ్చాడు. ఫ్లెక్సీలు రాకముందు బ్యానర్లు రాసిన బట్ట, దుకాణంలో ఊరికే పడి ఉందట. “బేటీకి ఇయ్యున్రి. క్యాలెండర్ కాయిదం మీద గీస్తె ఎవలు చూస్తరు?”

ఆగస్టు నెల వెనక ఆమె గీసుకున్నది ఒక అర్జీ. మాటలు కాదు, బొమ్మలు. చింతగింజల అంబలి, సుద్ద కలిపి బట్టకు పూత పెట్టి, ఎర్రటి నేల మీద ఎనిమిది గడుల పటం వేసింది. మొదటి గడిలో కోహెడ బస్సు, అందులో భువన. భువన నిజంగానే ఉంది, కానిస్టేబుల్ ఉద్యోగానికి చదివే పిల్ల, పరుగులో ఆ ఇరవై ఇద్దరికీ ముందు. రెండో గడిలో తల్లి సీసా నిండా నీళ్లు పోసి ఇస్తుంది. మూడో గడిలో ఆ సీసా మూత తీయకుండా బల్ల మీద. నాలుగులో గడియారం, కాలు మీద కాలు బిగించుకున్న ఆడపిల్లల వరస. ఐదులో మా ఇల్లు, గేటు దగ్గర నేను. నన్ను ఉన్నదానికన్నా లావుగా వేసింది. అడిగితే, పటంలో పుణ్యాత్ములను పెద్దగా వేయడం పద్ధతి అంది. ఆరో గడిలో దవాఖాన, నీళ్లు తాగమని చెబుతున్న డాక్టరమ్మ. అది కూడా కల్పన కాదు. మూత్రంలో మంట వచ్చి భువన జనవరిలో పది రోజులు మంచం పట్టింది. ఏడులో భువన తల్లి గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. ఎండాకాలం లోపల అక్కడ ఏదో ఒక ఏర్పాటు కాకపోతే చదువు బంద్, పొలం పనికి రా అని ఆమె నిజంగానే అనేసింది. ఎనిమిదో గడి ఖాళీ.

అర్జీలు తీసుకునే రోజున మేమంతా పోయాం. ఏ ఆఫీసో, సారు పేరేమిటో చెప్పను. మంచివాడు. చెడ్డవాడైతే ఈ కథ త్వరగా అయిపోయేది. పఠన మందిరం చూసుకునే గోపాల్ పటం ఒక కొస పట్టుకున్నాడు. ఉమైమా రెండో కొసను చుట్ట విప్పుతూ, పుల్లతో ఒక్కో బొమ్మనూ చూపిస్తూ, రాగం తీసి కథ చెప్పింది. క్యూలో ఉన్నవాళ్లు తమ అర్జీలు మరిచిపోయి విన్నారు. ఖాళీ గడి దగ్గరికి వచ్చి, “గిది మీరు నింపాలె సార్” అని ఆగింది.

సారు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. “ఇంత ట్యాలెంట్ మన సిద్దిపేటల ఉన్నదా! అమ్మా, ఈ పటం నాకు ఇచ్చిపో.”

ఇచ్చింది. అర్జీ కదా, ఇవ్వాలి మరి.

పదిహేను రోజుల తర్వాత కబురేమైనా ఉందేమోనని పోతే, పటం సారు కుర్చీ వెనక గోడ మీద బంగారు రంగు ఫ్రేములో ఉంది. ఎనిమిదో గడి ఖాళీగా బోసిపోయి ఉందని ఎవరో అక్కడ తంగేడు పూల స్టిక్కరు అతికించారు.

“సార్, అది అర్జీ” అంది ఉమైమా.

“తెలుసమ్మా. ఎంత మంచిగున్నదో చూడు. వచ్చినోళ్లంత అడుగుతున్నరు.”

“బాత్రూం సంగతి సార్?”

“ఫైలు నడుస్తున్నది.”

ఆ రోజు నుంచి ఉమైమా ఇరుక్కుపోయింది. మహిళా దినం అన్నారు, వచ్చి అదే కథ చెప్పమన్నారు. సంస్కృతి సంబరం అన్నారు, పిలిచారు. పక్క జిల్లా నుంచి అతిథులొచ్చారు, పిలిచారు. పోకపోతే ఫైలు ఆగుతుందేమోనని భయం, పోతే శాలువా కప్పి పంపుతారు. భువన కాలు మీద కాలు బిగించుకున్న బొమ్మ దగ్గర అతిథులు ముచ్చటపడి నవ్వేవాళ్లు. ఇంటికి తెచ్చిన శాలువాలను బద్రున్నీసా కిటికీ పరదాలుగా కుట్టింది. ఆ ఇంటికి రెండే కిటికీలు. తర్వాతి శాలువాలకు కిటికీలు దొరకలేదు.

హైదరాబాదు నుంచి గైడు మేడం ఫోను చేసేది. “మూడో అధ్యాయం ఏమైంది?” మూడో అధ్యాయం పేరు, నా గుర్తు ప్రకారం, ‘కథకుడు, సభ, స్పందన’. దాన్ని తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియడం లేదని ఉమైమా నాతో అంది. రెండు నెలలనుకున్నది మూడు నెలలు దాటింది. పోదామంటే భువన ఉంది. ఉందామంటే చదువు పోతోంది.

ఆడపిల్లలు మొదట్లో ఆమె ఆఫీసు నుంచి వస్తుంటే ఎదురు పోయేవాళ్లు. ఏప్రిల్ వచ్చేసరికి లేవడం మానేశారు.

“అక్కా, గీసారి ఏం రంగు ఇచ్చిన్రు?” అంది భువన ఒకరోజు, పుస్తకంలోంచి తల ఎత్తకుండానే.

“ఆకుపచ్చ.”

“కప్పుకొని కూసుంటె ఆగుతదా అక్కా?”

అందరూ నవ్వారు. ఉమైమా కూడా నవ్వింది. తర్వాత మా ఇంటికొచ్చి, వంటింటి గట్టు మీద కూర్చుని, చాలాసేపు శాలువా అంచు దారాలు పీకింది. “పది నెలలు పరాయి దేశంల ఉన్న ఆంటీ. ఒక్కనాడు గిట్ల అనిపించలె. మన ఊళ్లె మన మాట మనోళ్లకే అర్థమైత లేదు” అంది. నేను లేచి ఉప్మా పెట్టాను.

ఏప్రిల్ మూడోవారంలో మా బోరు ఆగిపోయింది. నల్లా నీళ్లు వంటకే చాలడం లేదు. ఇది చెప్పుకోవడానికి నాకు సిగ్గుగానే ఉంది, అయినా మొదలుపెట్టాక చెప్పాలి కదా. ఇరవై ఇద్దరు ఆడపిల్లల ముఖం చూసి నీళ్లు లేవమ్మా అనే ధైర్యం నాకు లేకపోయింది. మూడు రోజులు గేటుకు లోపలి నుంచి గడియ పెట్టుకుని, ఊళ్లో లేనట్టు ఇంట్లో కూర్చున్నాను. గేటు చప్పుడైతే ఫ్యాను కూడా ఆపేసేదాన్ని. ఎండ నలభై రెండు డిగ్రీలు. మా ఇంట్లో నేనే దొంగను, నేనే ఖైదీని. మూడోరోజు గేటు అవతల నుంచి భువన గొంతు వినబడింది, “ఆంటీ లోపలనే ఉన్నది, చెప్పులున్నయి చూడు. పోదాం పా, పాపం.” ఆ పాపం అన్న మాటకు నాకు ఆ పూట అన్నం సయించలేదు.

ఆ సాయంత్రమే భువన తన పుస్తకాలన్నీ సంచిలో సర్దుకుంది. నెలాఖరు వరకు చూస్తాను, తర్వాత రానని గోపాల్‌తో చెప్పింది. గోపాల్ ఉమైమాకు చెప్పాడు.

సరిగ్గా అప్పుడే ఆఫీసు నుంచి ఇంకో పిలుపు. హైదరాబాదు నుంచి పెద్ద మేడం తనిఖీకి వస్తోందట. పఠన మందిరం కూడా చూస్తుందట. సందు వైపు గోడ బోసిగా ఉంది, బొమ్మలు వేయమని. పోనని ఉమైమా అంటుందనుకున్నాను. ఆమె సారును ఒక్కటే అడిగింది.

“ఏం వెయ్యాలె సార్?”

“నీ ఇష్టమమ్మా. సంస్కృతి కనబడాలె, ఆడపిల్లల చదువు కనబడాలె. నువ్వు ఆర్టిస్టువు, నీకు నేను చెప్పాల్నా?”

“నా ఇష్టమేనా సార్?”

“నీ ఇష్టమే.”

ఈసారి తండ్రిని వెంట తెచ్చుకుంది. నాలుగు రోజులు గోడ ముందర పాత ఫ్లెక్సీలతో పరదా కట్టుకుని తండ్రీకూతుళ్లు పని చేశారు. నేను గేటు గడియ తీసి, ఆడపిల్లలందరికీ క్షమాపణ చెప్పుకుని, ఉన్నంతలో చాయ్ పంపుతూ వచ్చాను. పరదా వెనక నుంచి మాటలు వినబడేవి.

“నీడ ఎడమదిక్కు రావాలె బేటీ. పొద్దుగాల ఎండ గిట్ల పడుతది.”

“బోర్డు నువ్వు రాయి అబ్బా.”

“నలభై ఏండ్లల ఎన్ని రాసిన గిసొంటి బోర్డులు. బస్టాండ్లకు, టాకీసులకు. రాసి రంగు ఆరంగనె ఇంటికి పోయిన. లోపల ఏమున్నదో ఒక్కనాడు సుత చూడకపోతి.”

తనిఖీ రోజు పొద్దున పరదా తీశారు. గోడ నిండా ఎర్రటి నేల. ఒక పక్క మా ఊరి నేతచీరల మీద ఉండే గొల్లభామల అంచు, పల్లె బస్సు, పుస్తకాలు పట్టుకున్న ఆడపిల్లలు. సారు మురిసిపోయాడు. మరో పక్క, సందులోకి తిరిగే చోట, ఒక తలుపు. నీలం రంగు వేసిన మామూలు రేకు తలుపు, నిలువెత్తు. కొంచెం తుప్పు పట్టిన గొళ్లెం, దాని కింద పడే నీడ, గడప దగ్గర నీళ్ల బకెట్, విడిచిన జత చెప్పులు. తలుపు మీద చిన్న బోర్డు, ‘స్త్రీలు’ అని మూడు భాషల్లో, అమీనుద్దీన్ చేతి ముత్యాలు. నేను రోజూ ఆ గోడను చూసేదాన్నే. నాకే ఒక క్షణం, ఇదెప్పుడు కట్టారు అనిపించింది. సారు గొల్లభామల దగ్గర ఫోటోలు దిగే సందడిలో ఇటు రాలేదు.

మొదట చేతికర్రతో నెట్టింది బీడీల దుకాణం ముసలమ్మ. నెట్టి, తెరుచుకోకపోతే, లోపల ఎవరో ఉన్నారనుకుని పక్కన కూర్చుంది. తర్వాత కూరగాయలు కొనుక్కుని పోయే ఇద్దరు వచ్చి ఆమె వెనక నిలబడ్డారు. “మస్తుసేపయింది, ఎవలమ్మా లోపల?” అని ఒకామె గోడను తట్టింది. అప్పుడే కార్లు వచ్చాయి.

పెద్ద మేడం నా ఈడు మనిషి. హైదరాబాదు నుంచి మధ్యలో రెండు చోట్ల తనిఖీలు చేసుకుంటూ, ప్రతి చోటా కొబ్బరినీళ్లు తాగుతూ వచ్చింది. గొల్లభామలను చూసి బాగుందంది. లోపల బల్లలు చూసి బాగుందంది. తర్వాత సారు మాట్లాడుతుండగానే ఆమె చూపు నెమ్మదిగా సందు వైపు తిరిగింది. “ఒక్క నిమిషం” అని, చేతిసంచి పక్కనున్నావిడకు ఇచ్చి, నడిచింది. క్యూలో ఉన్న ముగ్గురూ మర్యాదగా పక్కకు జరిగారు. మేడం గొళ్లెం పట్టుకోబోయింది. వేళ్లు గోడకు తగిలాయి. ఇంకోసారి, కొంచెం కింద పట్టుకోబోయింది. ఆ తర్వాత అరచేత్తో తలుపును నెట్టింది. రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు.

నీలం రంగు అరచేతిని చూసుకుంటూ ఆమె అలాగే నిలబడింది. బీడీల ముసలమ్మ, “నేను గూడ నూకిన బిడ్డా, రాలె” అంది ఓదార్పుగా.

నేను గేటు తీసి, “మేడం, ఇటు రండి” అన్నాను. ఇంట్లో రెండు బకెట్ల నీళ్లు దాచి ఉన్నాయి. ఆమె వచ్చింది. బయటికి వచ్చి తువ్వాలుతో చేయి తుడుచుకుంటూ, “రోజూ ఎవరైనా వస్తారా మీ ఇంటికి?” అని అడిగింది.

“ఇరవై ఇద్దరు మేడం. రెండేళ్ల నుంచి. ఈ నెల మా బోరు ఆగిపోయింది.”

“మరి ఇప్పుడు?”

“ఇప్పుడు నీళ్లు తాగడం మానేశారు.”

ఆమె తువ్వాలు మడిచి నా చేతికిచ్చింది. తువ్వాలుకు నీలం అంటింది, సారీ అంది. గేటు దాటాక మళ్లీ పఠన మందిరంలోకి పోయింది. సారును బయటే నిలబెట్టి ఆడపిల్లలతో పావుగంట కూర్చుంది. భువన ఏదో చెబుతుండటం కిటికీలోంచి కనబడింది, నిండు సీసా చేతిలో పట్టుకుని చూపిస్తూ. కారెక్కే ముందు సారుతో రెండు మాటలు మాట్లాడింది. అవేమిటో మాకు వినబడలేదు. సారు తల ఊపడం మాత్రం కనబడింది, చాలాసార్లు.

కార్లు పోయాక ఆయన చెమట తుడుచుకుంటూ సందులోకి వచ్చాడు. తలుపు మీద మేడం అరచేయి అచ్చు పడి ఉంది. ఉమైమా కింద కూర్చుని బ్రష్షులు కడుగుతోంది. అమీనుద్దీన్ భయపడి లేచి నిలబడ్డాడు. కిటికీల నిండా ఆడపిల్లలు.

“ఏందమ్మా గిది?” అన్నాడు సారు. గొంతులో కోపం కన్నా నొప్పి ఎక్కువుంది. “నిన్ను ఎన్నిసార్లు స్టేజీ ఎక్కిచ్చినం? ఎన్ని శాలువాలు కప్పినం? లేని తలుపు గోడ మీద గీస్తవా? అంత పెద్ద మేడం పోయి గోడను నూకె. నా పరువేం గావాలె?”

ఉమైమా బ్రష్షు విదిల్చి, డబ్బాలో పెట్టి, లేచి నిలబడింది.

“తలుపు మేం పెట్టినం సార్, దాని ఎనక గది మీరు కట్టున్రి.”